అటక మీది తేనె సీసా

హిందూపురం: మార్గశిరం వచ్చిందంటే హిందూపురం చుట్టుపక్కల పల్లెల్లో తెల్లవారుజాము చలికి ఒక దుప్పటి చాలదు. సముద్రమట్టానికి ఆరు వందల మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్న సీమ ఇది. బెంగుళూరు గాలి ఇక్కడికీ తగులుతుంది. అలాంటి రోజుల్లో దగ్గు, రొంప, కీళ్లనొప్పి అనగానే కొన్ని ఇళ్లలో పెద్దవాళ్ల చెయ్యి అటక మీదికి పోతుంది. అక్కడ పప్పుల డబ్బాల వెనకాల ఒక గాజు సీసా ఉంటుంది. అందులో ఉండేది బ్రాందీయో విస్కీయో, దాంట్లో కలిపిన తేనె. అడుగున నాలుగు సొంటి ముక్కలు, మిరియాలు, రెండు పిప్పళ్లు, ఒక దాల్చినచెక్క.

దీనికి ప్రత్యేకంగా పేరంటూ లేదు. అడిగితే "మందు" అంటారు. మన భాషలో ఈ మాటకు రెండు అర్థాలు. ఆస్పత్రిలో రాసిచ్చేదీ మందే, మద్యం అంగట్లో మూత తీసేదీ మందే. సంస్కృతంలో "మధు" అన్నా అంతే, తేనె అనీ అర్థమే, మద్యం అనీ అర్థమే. అటక మీది సీసాకు కూడా ఈ రెండు అర్థాలూ సరిగ్గా సరిపోతాయి.

ధర్మవరంలో మగ్గం గుంటలో పొద్దంతా కాళ్లు పెట్టి కూర్చునే పట్టునేతగాడు నడుము పట్టేసిందని ఒక మూత తాగుతాడు. పెనుకొండ పల్లెల్లో శనక్కాయ చేనికి రాత్రి కావలి పోయే రైతు చలి అని తాగుతాడు. హిందూపురం మండీలో మూటలు మోసే హమాలీ ఒళ్లునొప్పులని తాగుతాడు. పెద్దవాళ్లు తమకు తాము తాగేది వాళ్ల ఇష్టం. అయితే అదే సీసాలోంచి ఒక చెంచా బాలింతకు, రెండు చుక్కలు పసిబిడ్డకు పోయడం కూడా కొన్ని ఇళ్లలో ఆనవాయితీగా సాగుతూనే ఉంది. కాబట్టి ఆ సీసాలో ఏమున్నదో, అది ఎలా తయారవుతుందో, ఎక్కడ మందుగా ఉండి ఎక్కడ విషంగా మారుతుందో తెలుసుకోవడం అవసరం.

కుండలో పుట్టే మత్తు

తేనెనూ మూలికలనూ కలిపి మత్తు పుట్టించడం దొరల దగ్గర నేర్చుకున్న విద్య కాదు. చరకసంహితలో ఎనభై నాలుగు రకాల ఆసవాల ప్రస్తావన ఉంది. గింజలు, పండ్లు, వేళ్లు, చేవ, పూలు, కాడలు, ఆకులు, బెరడు, చక్కెర, ఇలా తొమ్మిది మూలాల నుంచి అవి పుడతాయని లెక్క కట్టారు. ఆ తరువాతి కాలపు శార్ఙ్గధర సంహిత కొలతలు కూడా చెప్పింది. ఏ యోగంలోనైనా పాళ్లు విడిగా చెప్పకపోతే ఒక ద్రోణం నీళ్లకు ఒక తులం బెల్లం, బెల్లంలో సగం తేనె, బెల్లంలో పదోవంతు మూలికల పొడి వేయాలి. ఇక్కడ తులం అంటే బంగారం తూచే తులం కాదు సుమా. ఇప్పటి లెక్కల్లో ద్రోణం అంటే సుమారు పన్నెండుంపావు లీటర్లు, తులం అంటే 4 కిలోల 800 గ్రాములు. అంటే తేనె 2 కిలోల 400 గ్రాములు, పొడి 480 గ్రాములు.

మూలికలను కాచి కషాయం తీసి దానితో చేస్తే అది అరిష్టం. కాచకుండా చల్లని నీళ్లతో చేస్తే ఆసవం. దశమూలారిష్టం, అశోకారిష్టం, ద్రాక్షారిష్టం మొదటి జాతివి. కుమార్యాసవం, లోహాసవం రెండో జాతివి.

పాతకాలపు వైద్యుల పద్ధతి ఇది. మట్టికుండకు లోపల నెయ్యి రాస్తారు. పొగ పట్టిస్తారు. కషాయం చల్లారిన తరువాత బెల్లం కరిగించి, వడగట్టి, తేనె కలిపి కుండలో ముప్పాతిక వంతుకే పోస్తారు. మూలికల పొడితోపాటు ధాతకీ పువ్వు వేస్తారు. ఎండిన ఈ ఎర్రపువ్వులు మూలికల అంగళ్లలో దొరుకుతాయి. పులియబెట్టే సూక్ష్మజీవులు, అదే ఈస్ట్, ఈ పువ్వులను అంటిపెట్టుకుని వస్తాయి. ఆ తరువాత మూకుడు మూసి, గుడ్డ చుట్టి, బంకమట్టి మెత్తి, కుండను నేలలో గుంట తీసి గానీ ధాన్యం నడుమ గానీ పెడతారు. ఎండ, చలి మార్పులు కుండకు తెలియకూడదని ఇంత ఏర్పాటు. పదిహేను రోజుల నుంచి నెల దాకా దాన్ని కదిలించరు.

లోపల జరిగేది ఏమిటంటే, ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాలునూ బొగ్గుపులుసు వాయువునూ వదులుతుంది. తేనెను తేనెగా ఉంచితే ఏళ్ల తరబడి పులియదు. అందులో నూటికి ఎనభై వంతులు చక్కెరలే, నీరు ఇరవై వంతుల లోపే. అంత చిక్కదనంలో ఈస్ట్ పెరగలేదు. నీళ్లు కలిపితే మాత్రం వెంటనే పని మొదలుపెడుతుంది. వానలో తడిసిన తేనెపట్టు పిండితే తేనె బుసబుస పొంగేది ఇందుకే.

కుండ తయారైందా లేదా అని చూడడానికి మన వైద్యులకు ఏ యంత్రమూ అక్కరలేకపోయింది. కుండకు చెవి ఆనించి వింటారు. లోపల సుయ్‌మనే చప్పుడు ఉంటే ఇంకా పులుస్తున్నట్టు. మూత తీసి మండుతున్న అగ్గిపుల్లను కుండమూతి దగ్గర పెడతారు. టక్కున ఆరిపోతే లోపల ఇంకా వాయువు పుడుతున్నట్టు, మండుతూనే ఉంటే పని ముగిసినట్టు. పైన తేలే మూలికలు అడుగుకు దిగడం మరో గుర్తు. ఈ మూడూ ఇప్పటి రసాయనశాస్త్రానికి సరిగ్గా నిలబడే పరీక్షలే.

ఇలా తయారైన అరిష్టంలో ఆల్కహాలు సాధారణంగా నూటికి 5 నుంచి 10 పాళ్లు. ఆల్కహాలు పెరిగేకొద్దీ ఈస్ట్ తానే మందగించి చచ్చిపోతుంది. కాబట్టి కుండ తనంతట తాను ఒక హద్దు దాటదు. అరిష్టానికి పొయ్యి అవసరం కషాయం కాచేంత వరకే. పులిసిన ఊటను మళ్లీ పొయ్యి మీదికి ఎక్కించి ఆవిరి పట్టారా, అది సారా. వైద్యుడి కుండకూ సారాబట్టీకీ మధ్య ఉన్న అడ్డుగోడ ఆ రెండో మంట ఒక్కటే.

ఈ విద్యకు కావలసిన బెల్లానికి ఈ ప్రాంతంలో కరువు లేదు. చింతపండు, మిరపకాయలతోపాటు బెల్లం వ్యాపారానికి హిందూపురం పేరుబడిన ఊరు. ఆ బెల్లమే సారాబట్టీల ఊటకు పోతే పోలీసులకూ ఎక్సైజు వారికీ పని పెడుతుంది. లైసెన్సు లేకుండా మత్తు పదార్థం తయారు చేయడం 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం కింద నేరం. అమ్మడం సరేసరి. కుండ ఎవరిదని చట్టం చూడదు. అందువల్ల ఇంట్లో అరిష్టం పెట్టే అలవాటు తగ్గిపోయి, లైసెన్సున్న కంపెనీల సీసాలు మందుల అంగళ్లకు వచ్చాయి. ఆ సీసా మీద ఆల్కహాలు ఎంత శాతమో రాసి ఉంటుంది. కొనేవారిలో చదివేవారు తక్కువ.

నిషేధాలు వచ్చినా సీసా పోలేదు

అనంతపురం జిల్లా 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు రాష్ట్రంలో భాగం. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాతో మద్యనిషేధం మొదలుపెట్టింది. 1948 నాటికి అది మద్రాసు రాష్ట్రమంతటికీ పాకింది. 1960ల చివరిదాకా మన ప్రాంతంలో అదే చట్టం నడిచింది. దుకాణాలు మూతపడితే తాగుడు ఆగిపోతుందని అనుకున్నారు. తాగుడు మందుల సీసాలోకి దూరింది. ఆసవాలు, అరిష్టాలు, టింక్చర్లు రోగం లేనివారికి కూడా అవసరం కాసాగాయి. ఆల్కహాలున్న మందుల తయారీని, సుంకాన్ని దేశమంతటా ఒక పద్ధతిలోకి తేవడానికి పార్లమెంటు 1955లో ఒక చట్టం చేయవలసి వచ్చింది.

ఆ తరువాత గాలి ఎదురు తిరిగింది. 1980లలో ప్రభుత్వమే వారుణి వాహిని పేరిట సారాను ప్యాకెట్లలో పల్లెలకు చేర్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగడి మీద తిరగబడ్డారు. ఆ మంట రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం చేత సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధాన్ని సడలించారు, సారా మీద నిషేధం మాత్రం ఉండిపోయింది.

అయితే హిందూపురానికి నిషేధం అన్న మాట ఎప్పుడూ సగం మాటే. మూడువైపులా కర్ణాటక. అటు గౌరిబిదనూరు, ఇటు మధుగిరి, ఆపక్క పావగడ. చెయ్యి చాస్తే పొరుగు రాష్ట్రం. ఇక్కడ ధర పెరిగినప్పుడల్లా అక్కడి సరుకు ఇక్కడికి నడిచి వస్తుంది. కర్ణాటకలో సారా నిషేధం 2007 జూలైలో వచ్చింది. ఆంధ్రలో 2019 అక్టోబరు నుంచి మద్యం దుకాణాలను ప్రభుత్వమే నడిపి ధరలు పెంచినప్పుడు సరిహద్దు దాటి వచ్చే కర్ణాటక అట్టపెట్టె ప్యాకెట్లు పట్టుబడిన వార్తలు ఈ పేజీల్లో తరచుగా వచ్చేవి. 2024 అక్టోబరులో దుకాణాలు తిరిగి ప్రైవేటువారికి వెళ్లాయి. క్వార్టరు 99 రూపాయల సరుకు కూడా వచ్చింది.

ఈ చరిత్ర అంతా అటక మీది సీసాలో కనిపిస్తుంది. తేనె అదే, సొంటి అదే, పిప్పళ్లు అవే. పోసే సరుకు మాత్రం ఎప్పుడు ఏది చేతికి అందితే అది. ఒకప్పుడు అరిష్టం, ఒకప్పుడు సారా, ఆపైన బ్రాందీ, మరొకప్పుడు సరిహద్దు ప్యాకెట్. అసలు చిక్కంతా ఈ పోసే సరుకు దగ్గరే ఉంది.

స్కాట్లండులోనూ ఇదే సీసా

విస్కీలో తేనె, మూలికలు కలపడం చలిదేశాల్లో పెద్ద వ్యాపారం. స్కాట్లండులో డ్రాంబుయి అనే పానీయం ఉంది. విస్కీ, అక్కడి కొండపూల తేనె, మూలికలు, సుగంధద్రవ్యాలు కలిపి చేస్తారు. 1746లో యుద్ధంలో ఓడి పారిపోతున్న ఒక రాజకుమారుడు తనకు తల దాచుకోవడానికి చోటిచ్చిన కుటుంబానికి ఆ పాళ్లు చెప్పాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ నిజమో కాదో గానీ సీసాలు బాగా అమ్ముడుపోతాయి. పోలండు, లిథువేనియా దేశాల్లో కూడా తేనె, దాల్చినచెక్క, లవంగం, జాజికాయ వేసిన ఘాటు పానీయం పండుగలకు తాగుతారు. లవంగం, మిరియం, యాలకులు ఒకనాడు ఓడలెక్కి వెళ్లింది మన మలబారు తీరం నుంచీ తూర్పు దీవుల నుంచీ. అక్కడి సీసాలో ఉన్న ఘాటు ఇక్కడిదే.

దీని వెనక ఉన్న సూత్రం చిన్నది. మూలికల్లోని వాసన, నూనె నీళ్లలో సరిగా కరగవు. ఆల్కహాలులో కరుగుతాయి. మన దేశంలో అమ్మే విస్కీ, బ్రాందీలలో ఆల్కహాలు నూటికి 42.8 పాళ్లు. సొంటి ఘాటు, యాలకుల వాసన లాగడానికి ఆ బలం చాలు.

పెద్దవాళ్లు తమకోసం చేసుకునేటప్పుడు పాటించే పద్ధతి ఇలా ఉంటుంది. సీలు ఉన్న, బిల్లు ఉన్న 750 మిల్లీలీటర్ల ఫుల్ సీసా ఒకటి. అందులోకి చిన్న దాల్చినచెక్క, నలగ్గొట్టిన సొంటి ఒక అంగుళం ముక్క, పది మిరియాలు, రెండు పిప్పళ్లు, నాలుగు యాలకులు, రెండే రెండు లవంగాలు, తెల్లపొర లేకుండా చెక్కిన నారింజ తొక్క. ఇవన్నీ గాజు జాడీలో వేసి విస్కీ పోసి మూతపెట్టి చీకటి మూలన ఉంచుతారు. రోజూ ఒకసారి కదిపి వాసన చూస్తారు. లవంగం మొండిది, రెండో రోజుకే అన్నింటినీ మింగేస్తుంది. దాన్ని ముందుగా తీసివేయాలి. మిగిలినవి వారం లోపల చాలు. ఆపైన ఉంచితే చేదు దిగుతుంది.

తరువాత పలచని గుడ్డలో వడగట్టాలి. పావుకిలో తేనెను 150 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో కరిగించి, పూర్తిగా చల్లారిన తరువాత కలపాలి. తేనెను మరిగించకూడదని ఆయుర్వేదం చెబుతుంది. మరిగిస్తే వాసన పోతుందని నాలుక కూడా చెబుతుంది. కలిపిన రోజు రుచి విడివిడిగా ఉంటుంది, ఘాటు ఒకవైపు, తీపి ఒకవైపు. నెల ఆగితే ఒకటవుతుంది. ఈలోగా తేనెలోని మైనం, పుప్పొడి మేఘంలా తేలి అడుగుకు చేరుతుంది. పైతేట వంచుకుంటే చాలు.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. విస్కీని పొయ్యి మీద పెట్టి వెచ్చచేయరాదు, ఆవిరికి భగ్గుమని మంట అంటుకుంటుంది. ఇత్తడి, రాగి పాత్రల్లోనూ పాత ప్లాస్టిక్ క్యాన్లలోనూ నిలవ పెట్టరాదు. పేరు తెలియని వేరు ఏదీ వేయరాదు. కిక్కు కోసం సారాలో ఉమ్మెత్త గింజలు వేసే దిక్కుమాలిన అలవాటు ఒకప్పుడు ఉండేది. ఉమ్మెత్త మూలిక కాదు, విషం. అతిమధురం రక్తపోటును పెంచుతుంది, కాబట్టి బి.పి. ఉన్నవారి సీసాలో దానికి చోటు లేదు. చక్కెరవ్యాధి మాత్రలు, నిద్రమాత్రలు, మూర్ఛమాత్రలు వేసుకునేవారికి అసలు సీసాకే చోటు లేదు.

తీపి కింద దాగేది

ఇలా చేసిన దాంట్లో ఆల్కహాలు ఎంత? లెక్క కష్టం కాదు. ఫుల్ సీసాలో 321 మిల్లీలీటర్ల ఆల్కహాలు ఉంటుంది. తేనె, నీళ్లు కలిశాక మొత్తం 1,075 మిల్లీలీటర్ల దగ్గరికి చేరుతుంది. అంటే నూటికి ముప్పై పాళ్లు. అంగట్లోని ఎనిమిది శాతం అరిష్టం 30 మిల్లీలీటర్లు తాగితే కడుపులోకి పోయే ఆల్కహాలు రెండున్నర మిల్లీలీటర్ల లోపే. అటక మీది సీసా నుంచి అంతే తాగితే తొమ్మిది. రెండింటినీ "మందు" అనే అంటున్నాం కాబట్టి ఈ మూడున్నర రెట్ల తేడా ఎవరి కంటా పడదు. పైగా తేనె గొంతు మంటను చంపేస్తుంది. ఉత్త విస్కీ తాగేవాడికి గొంతే ఆగమని చెబుతుంది. తేనె కలిసినది తాగేవాడికి అలా చెప్పేవారు లేరు. ఒక మూత రెండు మూతలవుతుంది, చలికాలం అయిపోయినా సీసా అటక ఎక్కదు.

ఒళ్లు వెచ్చబడుతుందన్నది కూడా సగమే నిజం. ఆల్కహాలు చర్మం కింది రక్తనాళాలను విప్పుతుంది, అందుకు చర్మం వెచ్చగా అనిపిస్తుంది. లోపలి వేడి మాత్రం ఆ దారినే బయటికి పోతుంది. రాత్రి కావలిలో తాగి బయలులో పడుకున్నవాడికి చలి మరింత హాని చేస్తుంది.

ఇవన్నీ ఒక ఎత్తు. పోసే సరుకు కల్తీది అయితే వచ్చే ఆపద ఒక ఎత్తు. మిథైల్ ఆల్కహాలు లేదా మెథనాల్ అనేది రంగులకూ వార్నిషులకూ ఫ్యాక్టరీల్లో వాడే ద్రవం. చూడడానికి, వాసనకు, తాగే ఆల్కహాలుకు దగ్గరగా ఉంటుంది, చౌకగా దొరుకుతుంది. కల్తీ చేసేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి? ఒంట్లోకి పోయాక అది ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటినరాన్ని కాల్చేస్తుంది. పది మిల్లీలీటర్లు చూపు పోవడానికి చాలవచ్చు. ముప్పై ప్రాణానికే ముప్పు.

1981లో బెంగుళూరులో కల్తీసారా మూడు వందల మందికి పైగా ప్రాణాలు తీసింది. 2008 మే నెలలో మళ్లీ బెంగుళూరు, కోలారు, తమిళనాడు సరిహద్దు పల్లెల్లో నూరుమందికి పైగా పోయారు. కర్ణాటకలో సారా నిషేధం వచ్చి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. 2024 జూన్‌లో తమిళనాడు కళ్లకురిచ్చిలో అరవైమందికి పైగా చనిపోయారు. ఆ చోట్లేవీ హిందూపురానికి దూరదేశాలు కావు. ఒక రాత్రి ప్రయాణపు దూరంలో ఉన్నవే.

మంట నీలంగా మండితే మంచి సరుకని, తేనె కలిపితే విషం విరుగుతుందని చెప్పుకునే మాటలు ఉన్నాయి. రెండూ వట్టివి. మెథనాల్ కూడా నీలంగానే మండుతుంది. తేనె, సొంటి, పిప్పళ్లు, ఏవీ దాన్ని విరిచేవి కావు. నిజానికి అవి రుచిలోని అనుమానాన్ని కూడా కప్పివేస్తాయి. తాగిన మొదటి గంటల్లో మామూలు మత్తులాగే ఉండి, అర్ధరోజు గడిచాక తలనొప్పి, కడుపులో పోటు, వాంతి, కళ్లముందు మంచు కురిసినట్టు తెల్లని మసక వస్తాయి. నిద్రపోతే తగ్గుతుందని పడుకోబెట్టిన ఇళ్లలోనే చావులు ఎక్కువ. మసక అనగానే 108కు ఫోన్ చేసి పెద్దాస్పత్రికి తీసుకుపోవాలి. విరుగుడు మందు ఉంది, డయాలిసిస్ ఉంది, కానీ అవి పనిచేసేది తొలి గంటల్లో.

బాలింత మంచం దగ్గర

కాన్పు అయిన మూడో రోజునుంచి బాలింతకు బ్రాందీ ఇస్తే వాతం చేయదని, పాలు పడతాయని నమ్మిక. పల్లెలకే కాదు, పట్నాలకూ ఈ నమ్మిక ఉంది. తల్లి తాగిన ఆల్కహాలు రక్తంలో ఎంత ఉంటుందో పాలలోనూ దాదాపు అంతే ఉంటుంది. పాలు పడటం మాట అటుంచి, పాలు దిగడానికి పనిచేసే హార్మోనును అది మందగింపజేస్తుంది. బిడ్డ తక్కువ పాలు తాగుతుంది, మగతగా పడి ఉండవచ్చు. ఆ మగతను చూసి "బిడ్డ నెమ్మదించింది" అని ఇల్లంతా సంతోషిస్తుంది.

ఇక రొంప చేసిన పసిబిడ్డ నాలుకకు బ్రాందీ చుక్క రాయడం మరీ ప్రమాదం. అంత చిన్న ఒంట్లో ఆల్కహాలు రక్తంలోని చక్కెరను ఉన్నట్టుండి పడగొడుతుంది. బిడ్డ చల్లబడి, మూర్ఛ వస్తుంది. ఒకప్పుడు అంగట్లో అమ్మిన గ్రైప్ వాటర్‌లో సైతం కొంత ఆల్కహాలు ఉండేది. డాక్టర్లు వద్దన్నాక తీసివేశారు. కంపెనీలు మానుకున్నదాన్ని అటక మీది సీసా ఇంకా మానలేదు.

తేనె సంగతి చాలామందికి తెలియదు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించరాదు. కల్తీ లేని అసలుసిసలు కొండతేనె అయినా సరే. తేనెలో నిద్రపోయి ఉండే ఒక రకం క్రిమిబీజాలు పసిపేగుల్లో మేల్కొని విషం పుట్టిస్తాయి. బిడ్డ మెడ నిలపలేదు, ఏడుపు సన్నబడుతుంది, చివరికి ఊపిరి ఆడదు. పెద్దల కడుపులో అవి ఏమీ చేయలేవు. పుట్టిన బిడ్డకు తేనె చుక్కతో నోరు తీపి చేసే వేడుక మన ఇళ్లలో ఉంది. ఆరునెలల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కరలేదని డాక్టర్లు చెబుతున్నారు.

బాలింతకు మన పెద్దలు పెట్టిన అసలు మందులో మత్తు లేదు. సొంటి, పిప్పళ్లు, మిరియాలు, వాము వేయించి దంచి, బెల్లపు పాకంలో నెయ్యి పోసి ముద్ద కట్టే కాయం ఇప్పటికీ చాలా ఇళ్లలో చేస్తారు. సీసాలో వేసే సామాన్లే ఇందులోనూ ఉన్నాయి, బ్రాందీ ఒక్కటే లేదు. దశమూలారిష్టం కూడా బాలింతల మందుగా పేరుపొందినదే. కానీ అందులోనూ ఆల్కహాలు ఉంది కాబట్టి పాలిచ్చే తల్లి డాక్టరునో వైద్యుణ్ణో అడగకుండా వాడేది కాదు.

పెనుకొండ, హిందూపురాల్లోని ముస్లిం కుటుంబాలకు తెలిసిన యునానీ పద్ధతి ఈ విషయంలో గమనించదగ్గది. మద్యం వారికి నిషిద్ధం. మూలికల సారాన్ని నిలవ చేయడానికి యునానీ హకీములు తేనెనే ఆశ్రయించారు. దంచిన పొడికి మూడింతలు తేనె కలిపి చేసే మాజూన్ నెలల తరబడి చెడదు. సొంటి, పిప్పళ్లు, మిరియాలు, దాల్చినచెక్క అందులోనూ ఉంటాయి. దగ్గు, జీర్ణం, ఒళ్లునొప్పి, దేనికి విస్కీ అవసరమని మనం అనుకుంటామో వాటికి వారు విస్కీ లేకుండానే శతాబ్దాల తరబడి మందు చేసుకున్నారు.

తేనె వచ్చే కాలం

ఇంతకూ ఈ సీసాలో ఖరీదైన వస్తువు తేనెయే. దాంట్లోనూ మోసం తక్కువేమీ లేదు. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2020 డిసెంబరులో బయటపెట్టిన పరీక్షల్లో, వారు చూసిన అంగడి తేనె నమూనాల్లో నూటికి 77 చక్కెరపాకం కలిసినవని తేలింది. నీళ్లలో చుక్క వేసి చూడడం, వత్తి ముంచి వెలిగించడం, చీమలు పట్టాయా అని చూడడం, ఇవేవీ ఇప్పటి పాకాన్ని పట్టలేవు. కళ్లముందు పట్టు కోసి పిండించుకున్నదే నమ్మకం. అది కూడా పట్టు మూతలు పడి పండినదైతేనే. పచ్చి పట్టు పిండితే నీరు ఎక్కువై నెలలోపే పులుస్తుంది.

వేసవి ముందు వేప పూస్తుంది. దాని వెంట కానుగ. ఆ తరువాత హిందూపురం చుట్టూ చింతతోపులు పూతకొస్తాయి. వేపపూత నాటి తేనెకు కొంచెం చేదు, చింతపూత నాటి దానికి కాస్త పులుపు తగులుతాయని తేనె తీసేవారు చెబుతారు. కొండబండల కింద వేలాడే పెద్దపట్టు, పొదల్లో అరచేతంత జుంటిపట్టు, చెట్టుతొర్రలో వరసలుగా కట్టే పట్టు, మూడింటి రుచీ వేరు. పట్టు మొత్తం కాల్చి దింపితే మరుసటి ఏడు ఆ బండకు ఈగ రాదు. పొగ చూపి తేనెగడ్డ ఉన్న భాగం మాత్రం కోసుకుని పిల్లలున్న గదులు వదిలేసే నేర్పరులు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. వాళ్ల దగ్గర కొన్న తేనె జాడీని అటక మీద కాక వంటింటి గూట్లో, పిల్లలకు అందనంత ఎత్తున, విడిగా పెట్టుకోవచ్చు. కాయానికైనా, మాజూన్‌కైనా, పెద్దల దగ్గుకు గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచాగానైనా అది పనికొస్తుంది.